నలభై ఏడో వరుస

మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలకు ఇవ్వడానికి నా అనుభవం రాసిపెట్టమన్నారు. రాస్తున్నాను. దీనికోసం కొత్త కాగితాలు అడగలేదు. కొట్టేసిన పట్టికల వెనకవైపు రాశాను. ముందువైపు కనిపించే అంకెలతో మీకు పని లేదు.

నా పేరు అంజమ్మ. ఐదో తరగతి చదివాను. ఇబ్రహీంపట్నంలో ఎరువుల దుకాణం పైనున్న రెండు గదుల ఆఫీసులో తొమ్మిదేళ్ళకు పైగా పనిచేశాను. మేము హైదరాబాదులోని ఒక కంపెనీకి పని చేసిపెట్టేవాళ్ళం. దేశదేశాల చదువుల లెక్కలు పక్కపక్కన పెట్టి చూపించే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. రెండు దేశాల పేర్లు నొక్కితే రెండు గీతలు తెర మీద లేస్తాయి. ఎంతమంది పిల్లలు బడిలో ఉన్నారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఆడపిల్లలెందరు, మగపిల్లలెందరు, ఏ ఏడు పెరిగింది, ఏ ఏడు తగ్గింది, అన్నీ ఆ గీతల్లో కనబడతాయి. పెద్ద పెద్ద ఆఫీసర్లు, చదువుకున్నవాళ్ళు అది చూసి ఏ దేశం ముందుంది, ఏది వెనకబడింది అని మాట్లాడుకుంటారు.

చాలా దేశాల లెక్కలు కంప్యూటరు నుంచి కంప్యూటరుకే పోతాయి. కొన్ని దేశాలవి మాత్రం పాత పుస్తకాల ఫోటోలుగా వస్తాయి. అచ్చు మసకగా ఉంటుంది, మిషను చదవలేదు. వాటిని ఒక మనిషి టైపు చెయ్యాలి, ఇంకో మనిషి సరిచూడాలి. ఆ రెండో మనిషిని నేను.

జీతం ఎంత, సెలవులెన్ని అనేవి ఇక్కడ రాయను. అవి ఆఫీసే చెబుతుంది. ఆఫీసు చెప్పనివి రాస్తాను.

పనిలోకి ఎలా వచ్చాను

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఊడ్చి తుడిచే పనికి ఆ మెట్లెక్కాను. ఆఫీసు విఠల్ సారుది. అంతకుముందు ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. ఆయన కాగితం చూసి అంకెలు పైకి చదివేవాడు, షబానా అనే అమ్మాయి టైపు చేసేది. మంచాల అనే ఊరి నుంచి బస్సులో వచ్చేది. అప్పుడే ఇంటర్ అయిపోయింది. వాళ్ళ నాన్న మోటార్లు వైండింగ్ చేస్తాడు. ఆ ఇంట్లో ఆఫీసుకు పోయిన మొదటి మనిషి ఆ పిల్లే.

ఒకరోజు నేను గది ఊడుస్తుంటే సారు చదువుతున్న అంకెలు ఇంతకుముందే విన్నట్టు అనిపించింది. చీపురు ఆపి, "సారూ, గీ లెక్కలు ఇందాక చదివిన్రు" అన్నాను. ఆయన నమ్మలేదు. కాగితం చూసుకుంటే నిజంగానే రెండు వరుసలు రెండుసార్లు చదివాడు. షబానా రెండుసార్లూ టైపు చేసింది.

"అంకెలొస్తయా నీకు?" అన్నాడు.

"అంకెలు ఎవలికి రావు సారూ."

మర్నాటి నుంచి ఊడ్చిన తర్వాత ఒక గంట నన్ను కూర్చోబెట్టాడు. ఆరు నెలలకు పూర్తిగా కూర్చున్నాను.

నాకు ఇంగ్లీషు రాదు. దేశాల పేర్లు చదవలేను. నాకు ఒక్కో దేశం ఒక్కో వరుస నంబరు. పదిహేనో వరుస, ముప్పయ్యో వరుస, అంతే. దీని వల్ల ఒక లాభం ఉంది. పేరు తెలిసినవాళ్ళు, ఇది పెద్ద దేశం, దీనిది ఎక్కువే ఉంటుంది అని కన్ను జార్చుకుంటారు. నాకు ఏ దేశమైనా ఒకటే.

పద్ధతి చెబుతాను, పాటించండి. సంఖ్యను సంఖ్యగా చదవొద్దు. ఒక్కో అంకె విడిగా చదవండి. మూడు, ఏడు, చుక్క, రెండు. వరుస కింద ఏదైనా అడ్డు పెట్టుకోండి. నేను పెళ్ళి పత్రికలు అంగుళం వెడల్పున కత్తిరించుకునేదాన్ని. అట్ట గట్టిగా ఉంటుంది, ఊరికే వస్తుంది. చూడటం అయిపోయాక కాగితం కింద రెండు పొడి సంతకాలు ఉండాలి. టైపు చేసినవాళ్ళది నీలం, సరిచూసినవాళ్ళది ఎరుపు. ఎరుపు సంతకం పడ్డాక ఆ కాగితానికి జవాబుదారీ ఇద్దరిదీ. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. మా సారు ఒకసారి మర్చిపోయాడు. నేనూ మర్చిపోయినట్టు నటించాను. అది తర్వాత రాస్తాను.

ఫోను బల్ల మీద పెట్టిన పిల్లను లేపి పంపించేదాన్ని. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే ఊరుకునేదాన్ని కాదు. ముసలమ్మ గట్టిది అని వెనక అనుకునేవారు. ముందర అన్నా నాకు ఫరక్ పడేది కాదు.

నేను ఎక్కడ ఉంటానని అడిగాను

రెండో ఏడు ఒకసారి చేతిలో పని లేదు. సారు మంచి మూడ్‌లో ఉన్నాడు. ఇన్ని దేశాల లెక్కల్లో నేను ఎక్కడ ఉంటానని అడిగాను.

ఆయన కాగితం తీసి చెప్పాడు. ఇక్కడ ఐదో తరగతితో చిన్న బడి అయిపోతుంది కాబట్టి, మన దేశం లెక్కలో అంజమ్మ చిన్న బడి పూర్తిచేసిన మనిషి. కొన్ని దేశాల్లో చిన్న బడి ఏడేళ్ళు, కొన్నిట్లో ఎనిమిదేళ్ళు. అక్కడైతే అంజమ్మ మధ్యలో మానేసిన మనిషి.

"అంటే నేను ఒక్కదాన్నే, ఒకకాడ పాసు, ఒకకాడ ఫెయిలా?"

"అవ్. నువ్వు అదే అంజమ్మవు. గడి మారింది."

అందుకే ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దేశం పక్కన చిన్న అక్షరాల్లో చిన్న బడి ఎన్నేళ్ళో రాసి ఉంటుంది. చూసేవాళ్ళు దాన్ని చదవరు, గీతలే చూస్తారు. మీరు మాత్రం చదవండి. పక్కపక్కన పెట్టినంత మాత్రాన రెండు లెక్కలు ఒక్కటి కావు. ఆ రోజు సారు నాకు చెప్పినంత ఓపికగా నా బడిలో ఏ పంతులూ చెప్పలేదు. ఆయన గురించి తర్వాత రాసేది చదివేటప్పుడు ఇది కూడా మనసులో పెట్టుకోండి.

ఎర్ర గళ్ళు

కరోనాకు బడులు మూతబడ్డాయి. రెండేళ్ళ తర్వాత ఆ ఏళ్ళ లెక్కలు మాకు రావడం మొదలైంది. అంతకుముందెప్పుడూ చూడనన్ని ఖాళీలు వాటిలో ఉన్నాయి. పుస్తకంలో లెక్క ఉండాల్సినచోట రెండు చుక్కలు పెట్టి ఉంటాయి. లెక్క దొరకలేదని దాని అర్థం. సున్నా వేరు, చుక్కలు వేరు. సున్నా అంటే లెక్కపెట్టారు, ఎవరూ లేరు. చుక్కలంటే లెక్కే పెట్టలేదు.

షబానా తెర మీద ఖాళీ వదిలిన ప్రతి గడీ ఎర్రగా మారేది. ఎర్రగడి ఉన్న పట్టిక పూర్తయినట్టు కాదు. దాన్ని కంపెనీకి తిరిగి పంపాలి, ఎందుకు ఖాళీ అని రాయాలి, వాళ్ళ జవాబు కోసం కాచుకోవాలి. వారం పోయేది. ఒకరోజు సారు పనిమీద హైదరాబాదు పోతూ, సాయంత్రం లోపల పట్టిక పోవాలి, ఎర్రవి ఉండొద్దు అని చెప్పి పోయాడు.

అన్ని వరుసలూ అయ్యాయి. నలభై ఏడో వరుసలో రెండు ఏళ్ళవి చుక్కలే ఉన్నాయి. బడిలో ఉన్న ఆడపిల్లల గడి, మగపిల్లల గడి, నాలుగూ ఎర్రగా మెరుస్తున్నాయి.

"ముందటి ఏడుది ఏసెయ్ బిడ్డా" అన్నాను.

"గట్ల ఎయ్యొచ్చా పెద్దమ్మా? సారును ఫోన్ల అడుగుదామా?"

"అడిగేదేముంది. పిల్లలు యాడికి పోతరు? ముందటేడు ఎందరుండెనో గందరే ఉంటరు."

ఈ బుద్ధి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. మా ఊళ్ళో ఇంటింటి లెక్కకు మనుషులు వచ్చినప్పుడు పక్కింటికి తాళం ఉంటే మేమే చెప్పేవాళ్ళం. ముగ్గురు పిల్లలు, ముగ్గురూ బడికి పోతారు, రాసుకోండి అని. ఇంట్లో లేరని వాళ్ళ పేరు పోవద్దు, రేపు రేషనుకో పింఛనుకో అడ్డం రావద్దు అని. అది మాకు సాయం. చెప్పకపోతే తప్పు. వాళ్ళూ మా ఇంటికి తాళముంటే అలాగే చెప్పేవారు. నలభై ఏడో వరుస నా కంటికి తాళం వేసిన ఇల్లులా కనిపించింది. దాని పేరు పోవద్దని ముందటేడు లెక్క వేయించాను.

షబానా వేసింది. ఎర్ర గళ్ళు తెల్లబడ్డాయి. కాగితం మీద ఆమె నీలం సంతకం పెట్టింది, నేను ఎరుపు పెట్టాను. చుక్కల పక్కన టిక్కులు కూడా కొట్టాను.

ఆ రెండేళ్ళు మా వీధి పిల్లలు ఎక్కడున్నారో నేను నా కళ్ళతో చూశాను. మేకల వెంట ఉన్నారు, పత్తి చేన్లలో ఉన్నారు, నాదర్‌గుల్ వైపు లేస్తున్న ఇళ్ళ దగ్గర తల్లుల వెనక ఇటుకలు మోశారు. అది తెలిసి కూడా, పిల్లలు ఎక్కడికి పోతారు అన్నాను. చదువు తక్కువైనందువల్ల చేసిన తప్పు కాదిది. కళ్ళతో చూసింది ఒకటి, చేత్తో రాసింది ఒకటి.

మెప్పు

కొన్ని నెలలకు కంపెనీ నుంచి ఒక మేడం వచ్చింది. మంచి మనిషి. మేము వేసిన అంకెలు ఎలా కనబడతాయో చూపిస్తానని తెర మీది బొమ్మను గోడ మీద వేసింది. ఒక్కో దేశం గీత ఆ రెండేళ్ళ దగ్గరికి వచ్చేసరికి కిందికి జారింది, కొన్ని తెగిపోయాయి. ఒక్కటి మాత్రం రెండు గుంజల మధ్య కట్టిన బట్టల తీగలా తిన్నగా పోయింది.

"ఈ దేశం చూడండి. బడులు మూసినా ఒక్క పిల్లను కూడా పోగొట్టుకోలేదు. వీళ్ళు ఏం చేశారో అందరూ నేర్చుకోవాలని మేము రాయబోతున్నాం" అంది.

నంబరు చూడకుండానే నాకు తెలిసింది. షబానా నా వైపు చూసింది. నేను కాగితాలు సర్దుకున్నాను. అది నా రెండో తప్పు. మొదటిదాని కంటే పెద్దది. మొదటిది తెలియక చేశానని ఎవరితోనైనా చెప్పుకోగలను.

తర్వాత నెలలో ఆ దేశం నుంచే ఎవరో కంపెనీకి ఉత్తరం రాశారు. మా దగ్గర ఆ రెండేళ్ళు బడులు లేవు, లెక్కలు లేవు, మీకు ఈ అంకెలు ఎవరిచ్చారు అని. కంపెనీ విఠల్ సారును అడిగింది.

సారు షబానాను పిలిచాడు. టైపు చేసింది నువ్వేనా అంటే నేనే అంది. ఎందుకు వేశావని అడిగినా నన్ను చూపించలేదు. రేపటి నుంచి రావద్దన్నాడు. తప్పు చేసిన మనిషిని తీసేశామని ఆమె పేరుతో కంపెనీకి రాసి పంపించాడు. ఆ పేరుతో ఆ చీటీ పోతే ఇంకే ఆఫీసూ ఆ పిల్లను తీసుకోదని మా అందరికీ తెలుసు. మా పనిలో ఎవరికైనా ఉన్న ఆస్తి ఒకటే, వేలు తప్పదనే పేరు.

నేను అదే గదిలో ఉన్నాను. చేతిలో ఎర్ర పెన్సిల్ ఉంది. పని పోతుందని భయపడి మాట్లాడలేదని అనుకుంటారేమో. కాదు. అంజమ్మ చూసిందంటే ఇంక చూడక్కర్లేదని అందరూ అనేవారు. ఆ మాట పోతుందని మాట్లాడలేదు. షబానా డబ్బా సర్దుకుని మెట్లు దిగుతుంటే కిటికీలోంచి చూశాను.

ఎదుటి కుర్చీ

మర్నాడు సారు వేరే అమ్మాయిని ఎదుట కూర్చోబెట్టి, పాత పట్టిక తెచ్చి నా ముందు పెట్టాడు. నలభై ఏడో వరుస మార్చి పంపాలి.

"ఇక్కడ ఏం ఎయ్యాలె అంజమ్మా, చెప్పు" అన్నాడు.

కాగితం కింద రెండు సంతకాలున్నాయి. నీలానిది నిన్న ఇంటికి పోయింది. ఎర్రది అక్కడే ఉంది. సారు ఆ కాగితం నిన్న కూడా చూశాడు, ఒక్క సంతకమే చూశాడు. ఆయన దృష్టిలో తప్పు చేసేది చిన్నపిల్ల, అంజమ్మ కాదు.

"సారూ, గా లెక్క నేను ఏయించిన. పిల్ల మిమ్ముల అడుగుదామన్నది. నేనే వద్దన్న."

ఆయన కాగితం తీసుకుని కింద ఎర్ర సంతకం చూశాడు.

"నిన్న ఎందుకు చెప్పలె?"

ఎర్ర పెన్సిల్ బల్ల మీద పెట్టేశాను.

జరిగింది నా చేత్తో రాసిమ్మన్నాడు. తెలుగులో రాశాను. ఆయన దాన్ని ఇంగ్లీషులో పెట్టి, నా కాగితం ఫోటోతో కలిపి కంపెనీకి పంపాడు. నన్ను మళ్ళీ ఊడ్చే పనికి పంపాడు. రెండు నెలలు ఊడ్చాను. అది సరైన పనే. షబానాను అడగకుండా, కింద ఎరుపు ఎవరిదని చూడకుండా పంపేశాడే, అది సరికాదు. ఆయనతోనే ఈ మాట అన్నాను. ఒప్పుకున్నాడు. బయటివాళ్ళు గట్టిగా అడిగితే ఇంట్లో చిన్నవాళ్ళ మీద తోసేసే పెద్దమనుషులు చాలామంది ఉంటారు. ఆయన ఆ పని ఒకసారి చేశాడు. నాకు తెలిసి మళ్ళీ చెయ్యలేదు.

మంచాల బస్సు

కంపెనీ షబానాను తిరిగి తీసుకోవచ్చంది. సారు ఫోను చేస్తే ఆ పిల్ల ఎత్తలేదు. నేను బస్సెక్కి మంచాల పోయాను.

వాళ్ళ నాన్న వాకిట్లో మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. కూర్చోమన్నాడు కానీ చెయ్యి ఆపలేదు. షబానా బయటికి వచ్చి గడపలోనే నిలబడింది. ఆమె చెల్లెలు రెహానా నీళ్ళు తెచ్చిచ్చింది.

నేను సారుతో చెప్పేశానని, తిరిగి రావచ్చని చెప్పాను.

"నిన్న మొన్న చెప్పుడు కాదు పెద్దమ్మా. సారు నన్ను అడిగినప్పుడు చెప్తే అయిపోతుండె కద."

"అవ్ బిడ్డా."

"మా నాయిన రెండు దినాల సంది నాతోని మాట్లాడలె. తప్పు చేసినవా అని కూడ అడగలె. గదే బాధ."

తీగ చుట్టే చెయ్యి అప్పుడు ఆగింది.

షబానా చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. "దీని పేరు గూడ మా బడి రిజిస్టర్ల ఉండె. రెండేండ్లు ఇది బడి మొకం చూడలె, పత్తి ఏరింది. లెక్కల మాత్రం బడిలనే ఉన్నది. మీరు ముందటేడుది ఎయ్యమన్నప్పుడు నాకు ఇదే యాదికొచ్చింది. పెద్దోళ్ళు కదా అని ఊకున్న."

నా జీవితంలో నన్ను చాలామంది తిట్టారు. అత్త తిట్టింది, మేస్త్రి తిట్టాడు. ఆ పిల్ల తిట్టలేదు. అయినా ఆ మాటే నాకు ఇప్పటికీ వినబడుతుంది. నేను గట్టిదాన్ని అని మురిసినన్నాళ్ళూ, నా గట్టితనం ఎదుటివాళ్ళ నోరు మూసిందని నాకు తెలియలేదు. ఆ పిల్ల నన్ను ఎదిరించగలిగి ఉంటే, నలభై ఏడో వరుస ఆ సాయంత్రమే ఎర్రగా పోయి ఉండేది.

తిరిగి రావడానికి ఒక షరతు పెట్టింది. "ఖాళీ ఉంటె ఖాళీగనే పంపుత. ఎర్రగున్నా, వారమైనా సరే. కింద మీరు గట్లనే సంతకం పెట్టాలె. ఒప్పుకుంటె వస్త."

"పెడ్త" అన్నాను.

వాళ్ళ నాన్న చాయ్ తెమ్మని లోపలికి చెప్పాడు.

ఖాళీల పుస్తకం

రెండు నెలల తర్వాత నేను మళ్ళీ కుర్చీలో కూర్చున్నప్పుడు షబానా ఒక నోటుబుక్కు తెచ్చి పెట్టింది. ఏ పట్టికలో, ఏ వరుసలో, ఏ ఏడు ఖాళీ ఉందో, ఎందుకుందో అందులో రాయాలి. లెక్క పెట్టలేదా, పెట్టి ఇవ్వలేదా, పుస్తకంలో ఆ పేజీ చిరిగిందా. కారణం తెలియకపోతే తెలియదని రాయాలి. మీ బల్ల మీద ఇప్పుడున్నది ఆ పుస్తకమే, నాలుగోది. పేజీ నిండేదాకా రాయండి, సగంలో తిప్పొద్దు.

మీలో ఎవరికైనా పెద్దవాళ్ళు తప్పు లెక్క వెయ్యమని చెబితే, ఆ పుస్తకం తెరిచి వాళ్ళ ముందు పెట్టండి. నోటితో ఎదురు చెప్పలేకపోతే అదే చెబుతుంది.

నేను మానేసిన రోజు కంపెనీవాళ్ళు కొందరు అతిథులను తీసుకొచ్చారు. షబానా ఇప్పుడు ఆ గది మొత్తం చూసుకుంటుంది, తెర ఆమే నడిపింది. దేశాల గీతలు ఒక్కొక్కటే లేచాయి. అందులో ఒకటి కొంత దూరం పైకి వచ్చి ఆగింది. రెండేళ్ళ మేర ఏమీ లేదు. ఆ తర్వాత కాస్త కింది నుంచి మళ్ళీ మొదలైంది.

అతిథుల్లో కళ్ళద్దాల అబ్బాయి ఒకడు, ఇక్కడ గీత తెగింది, సాఫ్ట్‌వేర్‌లో ఏమైనా లోపమా అని అడిగాడు.

"పెద్దమ్మా, మీరే చెప్పుండ్రి" అంది షబానా.

లేచి నిలబడ్డాను. "గా రెండేండ్లు ఆడ ఎవలూ లెక్క పెట్టలె సారూ. పిల్లలు యాడున్నరో మాకు తెల్వదు."

సుమారుగా అయినా ఒక అంకె ఉంటే బాగుండేదన్నాడు. ఉండదని చెప్పాను. ఆయన చేతి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఇంగ్లీషు కదా, నాకు తెలియదు. షబానాను దగ్గరికి పిలిచి, చెప్పినట్టే రాశాడా అని అడిగాను.

ఆమె తొంగి చూసి వచ్చింది. "తెల్వదు అనే రాసిండు పెద్దమ్మా."

నేను సరిచూసిన చివరి గడి అది. అందులో అంకె లేదు.